చేపలవ్వ చెప్పిన ఊరు

ఫోన్ ఎత్తగానే అవతలి గొంతు, "టైలరుబాబేనాండీ?" అని అడిగింది. ములకలపల్లిలో నన్ను అందరూ మాస్టర్ అంటారు. పెద్దవాళ్ళు సాయబు అంటారు. టైలరుబాబు అని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కతే. ఆ గొంతు ఆమెది కాదు. అందుకే అవునని చెప్పడానికి కొంచెం ఆలస్యమైంది.

"నేను ఆవిడ కొడుకునండీ. అమ్మ పోయిందండీ. గోడ మీద మీ నంబరు రాయించుకుంది. మీకు చెప్పకుండా పెద్దకర్మ చేసేస్తే ఊరుకోదండీ."

పోయిన మనిషి ఊరుకోకపోవడమేమిటని ఇంకొకరి విషయంలో అయితే అనుకునేవాణ్ణి. ఆమె విషయంలో అనుకోలేదు.

మేమంతా ఆమెను చేపలవ్వ అనేవాళ్ళం. పదేళ్ళకు పైగా, వారం విడిచి వారం, రెండు గంపల ఎండు చేపలతో మా సంతకు వచ్చేది. నరసాపురం అవతల, సముద్రపు ఒడ్డునున్న చిన్న పల్లె ఆమెది. రెండు బస్సులు, ఒక ఆటో మారి వచ్చేది. ఆ ఊరి పేరు ఎప్పుడూ చెప్పలేదు. లోకంలో ఇంకో పాలెం లేనట్టు "మా పాలెం" అనేది.

ఆమె తూకం ఒక వింత. తూచాక గుప్పెడు నెత్తళ్ళు కొసరుగా పడేసేది. కొన్నవాడు సంతోషించేలోగా "అయ్యో, ఎక్కువైపోనాయి" అని అందులోంచి రెండు వెనక్కి తీసుకునేది. ఇచ్చిన ఆనందం, తీసుకున్న ఆనందం, రెండూ ఆమెకే.

మా అడవంటే ఆమెకు చచ్చేంత భయం. బస్టాండు దాటి ఒక్క అడుగు వేసేది కాదు. ఒకసారి దూరంగా ఉన్న చెట్ల వైపు చెయ్యి చూపించి, "సముద్రం కనీసం ఎనక్కెళ్తాది బాబూ. ఈ సెట్లు సూడు, పొద్దున్నించీ ఒక్క అడుగు కదల్లేదు. ఏటి ఈటి ఉద్దేశం?" అని అడిగింది. నేను కత్తెర పక్కన పెట్టి చెట్ల వైపు చూశాను. ఆ తర్వాత రెండు రోజులు నాకు కూడా వాటి ఉద్దేశం మీద అనుమానంగానే ఉండింది.

గోదావరి విషయంలో ఆమెకు మా మీద ఫిర్యాదు. "మీ భద్రాచలంలో మునిగినోళ్ళ పాపాలన్నీ ఎక్కడికొస్తాయనుకున్నావు? ఏటెంట మా పాలేనికే" అనేది. ఒక సంతకు సగం అరిగిన సబ్బు బిళ్ళ తెచ్చి, "ఇది మీదే, కొట్టుకొచ్చింది" అని మా ముందు పెట్టింది. నా పక్క కొట్టు సత్యం దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "మా ఇంట్ల వాడేది ఇది కాదు" అని ఎంతో శ్రద్ధగా తిరిగి ఇచ్చాడు.

సత్యం గురించి చెప్పాలి. వాళ్ళ తాత కృష్ణా వైపు నుంచి పొగాకు సాగుకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మనవడు పొలం కౌలుకిచ్చి టీ హోటల్ పెట్టుకున్నాడు. అతని హోటల్‌కీ నా టైలరింగ్ షాపుకీ మధ్య ఒకటే గోడ, ముందు ఒకటే అరుగు. ఆ అరుగు మీద సరిగ్గా గోడకు సూటిగా చేపలవ్వ కూర్చునేది. ఆమె పక్కన కన్నమ్మ. అడవి అంచునున్న కోయగూడెం ఆమెది. చింతపండు, అడ్డాకు విస్తర్లు అమ్ముకునేది. కన్నమ్మ పూటకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. చేపలవ్వ నలభై మంది మాటలు ఒక్కతే మాట్లాడేది. ఇద్దరికీ బాగా కుదిరింది.

కుదరనిది నాకూ సత్యానికీ. గాలి ఎటు వీస్తే అటు ఎండుచేపల వాసన. ఒకరోజు జూలూరుపాడు నుంచి ఒకామె ఆటో దిగి, నేను కుట్టిచ్చిన ఆరు పెళ్ళి జాకెట్లు బల్ల మీద కుమ్మరించింది.

"ఏం కుట్టినవ్ మాస్టర్? పెళ్ళిపీటల చుట్టూ ఊళ్ళె పిల్లులన్నీ చేరినయ్. అయ్యగారు మంత్రాలు ఆపి పిల్లుల్ని అదిలిచ్చిండు."

నేను సత్యం దగ్గరికి పోయి అవ్వను కొంచెం అతని వైపు జరుపుకోమన్నాను. "నా టీలో నెత్తళ్ళు ఈదుతున్నయని జనం అంటున్నరు. మీ దిక్కే జరుపుకోండి" అన్నాడు. నేనొకటి అన్నాను. అతను రెండు అన్నాడు. మా అబ్బాజాన్ కాలం నుంచి ఆ గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్ళం, మాటలు మానేశాం. నేను టీ కోసం ఊరవతలికి నడిచాను. అతను చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకు తిరిగాడు.

ఈ సంగతి చేపలవ్వకు మేమెవరం చెప్పలేదు. తర్వాతి సంతకు వచ్చి, గంపలు దించి, ఒకసారి నన్ను, ఒకసారి అతన్ని చూసింది. కన్నమ్మతో మాట్లాడుతున్నట్టుగా, అరుగంతా వినపడేలా మొదలుపెట్టింది.

"మా పాలెంలో ఒక బావా, ఒక బామ్మర్దీ ఉన్నారు కన్నమ్మా. ఒకటే పడవ, ఒకటే వల. మాటల్లేవు."

"ఎందుకు?" అన్నాను నేను లోపలినుంచి.

"పెళ్ళి బోజనంలో బావకి సేప తలకాయ ఎయ్యలేదు బామ్మర్ది. తోకేసేడు."

"తోక వేస్తే ఏమైతది?" అన్నాడు సత్యం అవతలినుంచి.

"సూడు మరి! ఆ మాటే అన్నాడు బామ్మర్ది. అప్పట్నించీ ఏటకెళ్తే మజ్జలో ఒక ముసలోణ్ణి కూసోబెట్టుకుంటారు, మాటలు అందియ్యడానికి. ఆ ముసలోడికి సెవుడు. బావేమో 'వల లాగు' అన్నాడు. ముసలోడు ఈడికి 'అలా ఆగు' అని సెప్పేడు. ఈడు ఆగిపోయేడు. సేపలన్నీ నవ్వుకుంటా ఎల్లిపోనాయి."

సత్యం పకపకా నవ్వాడు. తప్పు బావదే, తలకాయ కోసం అంత పంతమేమిటన్నాను నేను. కొత్తల్లుడికి తోక వెయ్యడం మర్యాదేనా అన్నాడు సత్యం. మీరు అల్లుళ్ళను మరీ నెత్తిన పెట్టుకుంటారు అన్నాను. మాట మీద మాట పెరిగింది. ఒక అరగంట వాదించుకున్నాక, మాకు మాటల్లేవన్న సంగతి గుర్తొచ్చింది. అప్పటికే అతను నాకు టీ పోశాడు, నేను తాగేశాను.

ఆ రోజు నుంచి బావాబామ్మర్దుల కథ ఏళ్ళ తరబడి నడిచింది. సంతకొచ్చిన సగం మంది బావ వైపు, సగం మంది బామ్మర్ది వైపు. చర్ల వైపు నుంచి వచ్చే గాజులాయన కూడా బస్సు దిగగానే ముందు "మాట్లాడుకున్నరా?" అని అడిగేవాడు. "ఇంకా లేదు నాయనా" అనేది ఆమె, వాళ్ళ కంటే ఎక్కువ బాధపడుతూ. ఒకసారి పడవ మునగబోయినా మాట్లాడుకోలేదు. ఒకసారి లాటరీ తగిలినా మాట్లాడుకోలేదు. నేను బామ్మర్ది పక్షం, సత్యం బావ పక్షం. చూడని మనుషుల కోసం అంతగా కొట్లాడుకున్నవాళ్ళు మా జిల్లాలో ఇంకెవరూ ఉండరు.

అందుకని పెద్దకర్మకు మేం ముగ్గురం బయల్దేరాం. కన్నమ్మ వంద విస్తర్ల కట్ట నెత్తిన పెట్టుకుని తెల్లవారకముందే బస్టాండులో కూర్చుంది. అశ్వారావుపేట దాకా తెలంగాణ బస్సు, ఆడవాళ్ళకు ఉచితం, ఆమెకు జీరో టికెట్. అక్కడ ఆంధ్రా బస్సు ఎక్కగానే కండక్టర్ ఆమె కార్డు చూసి, ఇక్కడ చెల్లదమ్మా అన్నాడు. "నేను మారలే కదా" అంది కన్నమ్మ. ఆయన కార్డును ఇంకోసారి తిప్పి చూశాడు. సత్యం టికెట్ కొన్నాడు.

నరసాపురంలో దిగి, కొడుకు ఫోన్‌లో చెప్పిన గుర్తులు చెప్పి ఆటో ఎక్కాం. ఫోన్ చేస్తే కొడుకు ఫోన్ కలవలేదు. ఆటోవాడు మమ్మల్ని ఇసుకలో దించేసి వెళ్ళిపోయాడు. కొన్ని ఇళ్ళు, ఎండుతున్న వలలు, దండేల మీద దండలు గుచ్చినట్టు వరసగా చేపలు, ఇళ్ళ వెనక సముద్రం. మేం ముగ్గురం సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి. సత్యం చూసినట్టు ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాడు గానీ, నోరు తెరిచిన తీరు చూస్తేనే తెలిసిపోయింది.

ఎదురొచ్చిన ఒక పెద్దావిడను అడిగాను. "చేపలవ్వ ఇల్లెక్కడమ్మా?"

ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏ సేపలవ్వ? ఇక్కడ ఆడోళ్ళందరమూ సేపలవ్వలమే. నేనూ సేపలవ్వనే. ఏటి కావాలి?"

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. పదేళ్ళు కొన్నాం, తిన్నాం, నవ్వాం. పేరు అడగలేదు. నాకు సిగ్గేసింది. అప్పుడు సత్యం ముందుకొచ్చాడు. ఏమీ మాట్లాడకుండా, గాల్లో గుప్పెడు చేపలు తీసి ఆవిడ చేతిలో పడేసినట్టు చేసి, ఆ వెంటనే కంగారుగా రెండు వెనక్కి తీసుకున్నాడు.

"ఓరి నాయనో, ఆవిడా!" అని ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, ఊరంతా వినపడేలా కేకేసింది. "ఒరేయ్! అడివోళ్ళు వొచ్చేరు! టైలరుబాబూ, టీకొట్టాయనా కలిసొచ్చేరు!"

ఇళ్ళల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. అందరూ నన్నూ సత్యాన్నీ మార్చి మార్చి చూస్తున్నారు.

"ఇద్దరూ ఒకే ఆటోలో వొచ్చేరా?" అన్నాడొకాయన.

"పక్కపక్కన కూసున్నారా?" అంది ఒకావిడ.

"మాటలు ఎప్పుడు కలిసేయండీ? మీకు పడదు కదా! మజ్జలో ఈవిడ కోయ బాసలో మాటలు మోసేది కదా!"

కన్నమ్మ విస్తర్ల కట్ట దించి నా వైపు చూసింది. నేను సత్యం వైపు చూశాను. రెండు వారాల అలక ఇక్కడికొచ్చేసరికి ఏళ్ళ పగ అయ్యింది. ఇంకా తేరుకోకముందే ప్రశ్నలు మొదలయ్యాయి. మూడు చేతుల జాకెట్టు కుట్టిన టైలరువి నువ్వేనా అని నన్ను. కొట్టు కోతికి అప్పజెప్పావటగా, కోతిని తీసుకురాలేదేం అని సత్యాన్ని. కన్నమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. కొంచెం దూరం జరిగి, గౌరవంగా చూశారు.

"ఎలుగుబంటి సేత బుట్ట మోయించింది ఈవిడే" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు.

నిజం చెప్పాలంటే ఇవన్నీ జరిగినవే, కాకపోతే గింజంత జరిగినవి. నేను పని నేర్చుకున్న మొదటి ఏడు ఒక జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కుట్టాను. సత్యం గల్లా మీద ఒక కోతి వచ్చి కూర్చుంటే, కళ్ళజోడు మర్చిపోయిన ఒకాయన దానికి నోటు అందించాడు. కన్నమ్మ ఇప్పపువ్వు ఏరుతుంటే దూరంగా ఎలుగు కనిపించింది, బుట్ట పడేసి పరుగెత్తింది. అంతే. సత్యం ఒక్కోటీ విడమర్చి చెప్పబోయాడు. ఈలోగా కొడుకు వచ్చి మా చేతులు పట్టుకుని భోజనాలకు లాక్కుపోయాడు.

ఇంటి ముందు షామియానా, కుర్చీలో దండ వేసిన ఫోటో. ఫోటోలో నోరు మూసుకుని ఉండటం వల్ల ఆమెను పోల్చుకోవడం కష్టమైంది. పక్కన పెద్ద పొయ్యి మీద గుండిగ. దాన్ని చెరో పక్క పట్టుకుని దించుతూ ఇద్దరు మగవాళ్ళు.

"బావా, సెయ్యి కాలుద్ది, గుడ్డెట్టుకో!"

"నువ్వు ముందు ఆ కాలు తియ్యి బామ్మర్దీ, తొక్కేస్తాను!"

ఇద్దరూ నవ్వుకుంటున్నారు. సత్యం తింటున్న ముద్ద నోట్లోనే ఉండిపోయింది. లేచి నిలబడ్డాడు.

"మాట్లాడుతున్నరు!" అని అరిచాడు. ఏళ్ళ తరబడి బావ తరఫున వాదించిన మనిషి. "మీరిద్దరు మాట్లాడుకుంటున్నరేంది?"

వాళ్ళిద్దరూ గుండిగ పట్టుకునే ఆగిపోయారు. "మాటాడుకోకపోవడమేటండీ?" అన్నాడు బావ. "మాటాడుకోనిది మీరు కదా!"

"చేప తలకాయ? పెళ్ళి భోజనం? చెవిటి ముసలాయన?"

"ఏ ముసలాయన? ఆ గొడవ రెండు రోజులండీ. మూడో రోజుకి ఆవిడే ఇద్దరికీ ఒకే పళ్ళెంలో అన్నమెట్టి మాటలు కలిపేసింది. మీకెవరు సెప్పేరు?"

సత్యం జవాబు చెప్పకూడదు. కానీ చెప్పేశాడు. "అవ్వే చెప్పింది."

 మా ఇద్దరి మాటలు కలపడానికే ఆమె అరుగు మీద ఆ కథ మొదలుపెట్టిందని నాకు అప్పుడు తెలిసింది. కానీ చెప్పే సమయం లేదు. వెనక పంక్తిలోంచి ఒకాయన మెల్లగా, "అయితే ముసల్ది మనకి సెప్పినయి కూడా..." అని ఆపేశాడు. ఇంకొకావిడ, "కోతీ లేదా?" అంది, సొంత కోతి తప్పిపోయినట్టు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఊరు దాటి అంత దూరం ఎల్లింది ఆవిడొక్కతేనండీ" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "వొచ్చి సెప్పేది. మేం పొయ్యి సుట్టూ కూసుని ఇనేవోళ్ళం. ఇయ్యాల అన్నీ అబద్దాలేనంటే..."

 ఊరి మొదట్లో మమ్మల్ని చూసి కేకేసిన పెద్దావిడ లేచింది. నేరుగా కన్నమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మా, నువ్వు సెప్పు. ఎలుగుబంటి నీ బుట్ట మోసిందా లేదా?"

అందరూ కన్నమ్మ వైపు తిరిగారు. కన్నమ్మకు అబద్ధం రాదు. నాకా సంగతి తెలుసు. కుళ్ళిన చింతపండు ఉంటే తనే ఏరి పక్కన పెట్టి అమ్మే మనిషి. ఆమె విస్తరిలో అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. చాలాసేపు ఆలోచించింది.

"బుట్ట ఇప్పచెట్టు కింద పడేసిన" అంది. "తెల్లారి చూస్తే వాగు కాడ ఉన్నది. నేనైతే మొయ్యలే."

 పెద్దావిడ రెండు చేతులూ పైకెత్తింది. "ఇన్నారా! మరెవరు మోసేరురా? ఎలుగుబంటే కదా!"

షామియానా ఊగిపోయింది. ఆ గోలలో సత్యం గొంతు సవరించుకున్నాడు. "కోతి సంగతంటే, నేను ఇక్కడున్న కదా. ఇయ్యాల హోటల్ ఎవరు నడుపుతున్నరనుకున్నరు?" అన్నాడు. "చిల్లర ఇచ్చుడు నాకంటె దానికే బాగొస్తది. కాకపోతే అరటిపండ్ల లెక్క తేలదు."

ఇక నా వంతు. ఇరవై ఏడేళ్ళుగా కుడుతున్నాను. ఆ రెండు ఎడమ చేతుల జాకెట్టు గురించి ఎవరైనా ఎత్తితే ఈనాటికీ ఒప్పుకోను. గుడ్డ తప్పు, కొలత తప్పు, కరెంటు పోయిందని చెబుతాను. కొడుకు నా వైపే చూస్తున్నాడు.

"మాస్టరుగారూ, మూడు సేతుల జాకెట్టు..."

"మూడా?" అన్నాను. "ఎవరు చెప్పిండ్రు మూడని?"

అతని మొహం పడిపోయింది.

"నాలుగు" అన్నాను. "అవ్వ నా పరువు కోసం ఒకటి తగ్గించి చెప్పింది."

కొడుకు నవ్వాడు. నవ్వుతూ కూలబడి, గరిటె ఒళ్ళో పెట్టుకుని, ఆ రోజు మొదటిసారిగా కాబోలు, గట్టిగా ఏడ్చాడు. కోడలు వెళ్ళి పక్కన కూర్చుంది. ఎవరూ ఆపలేదు.

కాసేపటికి వడ్డన మళ్ళీ మొదలైంది. బావ నా విస్తరిలో చేప వేసి, పక్క వరుసలో ఉన్న బామ్మర్ది వైపు చూడకుండా, కొడుకుతో పెద్దగా అన్నాడు. "ఒరేయ్, మా బామ్మర్దికి సెప్పు, పులుసు బకెట్టు ఇటు పంపమని."

బామ్మర్ది ఒక్క క్షణం అయోమయంగా చూశాడు. తర్వాత అతనికీ అర్థమైంది. వీపు తిప్పుకుని, "మా బావకి సెప్పు, కావాలంటే ఆయన్నే వొచ్చి తీసుకోమని. తలకాయ మాత్రం ఎయ్యను" అన్నాడు.

ఊరంతా చప్పట్లు కొట్టింది. మేం తిరిగి వచ్చేదాకా వాళ్ళిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మమ్మల్ని ఆటో ఎక్కించడానికి కూడా చెరో పక్క నడిచారు, మధ్యలో కొడుకు.

బస్సులో ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. బస్సు ఏలూరు వైపు సాగింది. సత్యం కిటికీలోంచి చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి అడిగాడు.

"మాస్టర్, నాలుగో చెయ్యి ఏడ కుట్టినవ్?"

"వెనక" అన్నాను. "వీపు మీద."

"దేనికి?"

నేను ఆలోచిస్తుండగా కన్నమ్మ, తల తిప్పకుండా, అంది. "గోక్కోనికి."

ఇక ఆపుకోలేకపోయాం. సత్యం ముందు సీటు కడ్డీ పట్టుకుని వంగిపోయాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి ఏ నీళ్ళో నాకే తెలియలేదు. కన్నమ్మ నవ్వడం నేను చూసింది అదే మొదలు. అవతలి సీటులో ఉన్న పెద్దాయన చాలాసేపు మమ్మల్నే చూసి, తనూ నవ్వుతూ, "ఎవరింట్లోనండీ పెళ్ళి?" అని అడిగాడు.

పెద్దకర్మ అని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

"మా దగ్గరి చుట్టాలదేనండీ" అన్నాడు సత్యం. "పెళ్ళి బాగ జరిగింది."